ముందు ప్రశ్న సరిగ్గా రాసుకుందాం: నర్సింగ్ విద్యార్థుల దగ్గర మనం నేర్చుకోవాల్సిన పాఠం



ఈ నెల ఇంగ్లిష్ గ్రామర్ గురించో, హ్యాండ్‌రైటింగ్ గురించో రాయాల్సిన నేను ఆరోగ్యం గురించి రాస్తున్నాను. దానికి కారణం నేను చేసిన ఒక పొరపాటు. ముందు అది చెప్పి తర్వాత విషయంలోకి వస్తాను.

రెండేళ్ల కిందట వానాకాలంలో మా క్లాసులో చాలామంది పిల్లలు జ్వరాలతో సెలవు పెట్టారు. అప్పుడు నాకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. బొప్పాయి ఆకు రసం తాగిస్తే డెంగీలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని, ఆసుపత్రి ఖర్చు ఉండదని, ‘పరిశోధనలో రుజువైంది’ అని అందులో ఉంది. మంచి మాటే కదా అనుకుని క్లాసు పేరెంట్స్ గ్రూపులో పెట్టేశాను. మూడు రోజుల తర్వాత ఒక అమ్మ ఫోన్ చేశారు. “మేడమ్, మీరు పెట్టారు కదా అని పాపకి రసమే ఇస్తున్నాం. జ్వరం తగ్గింది కానీ కడుపు నొప్పి అంటోంది, ఊరికే పడుకునే ఉంటోంది. ఇంకెన్ని రోజులు ఇవ్వమంటారు?”

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాను. పాపను చేర్చుకున్నారు, సెలైన్ ఎక్కించారు. అయిదు రోజుల తర్వాత నవ్వుతూ ఇంటికి వచ్చింది. వాళ్ల అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. టీచర్ పెట్టిన మెసేజ్ అని ఆవిడ నమ్మారు. నేనేమో ఎవరు పెట్టారో కూడా చూడకుండా నమ్మాను.

చెల్లి అసైన్‌మెంట్ వెనక్కి వచ్చింది

ఆ తర్వాత కొన్నాళ్లకు బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు చదువుతున్న మా చెల్లి ఇంటికి వచ్చింది. వాళ్లకు ‘నర్సింగ్ రీసెర్చ్ అండ్ స్టాటిస్టిక్స్’ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. పిల్లల దగ్గు మీద తను రాసిన అసైన్‌మెంట్‌ను వాళ్ల మేడమ్ వెనక్కి ఇచ్చేశారు. ఇంగ్లిష్‌లో తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని నా చేతికిచ్చింది. నేను చూస్తే ఇంగ్లిష్ బాగానే ఉంది. కానీ చివర్లో ఆధారాలుగా చూపించినవి మూడు వెబ్‌సైట్లు, ఒక యూట్యూబ్ వీడియో. వాటి పక్కన ఎర్ర ఇంకుతో ఒకే ప్రశ్న: ‘ఈ మాట ఎవరు, ఎలా తేల్చారు?’

నాకు మా గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ గుర్తొచ్చింది. ఆ ప్రశ్న నన్నూ అడగాల్సిందే. ఆ సెలవుల్లో చెల్లి ఆ అసైన్‌మెంట్‌ను మళ్లీ మొదటి నుంచి చేసింది. నేను పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

నర్సుకు ఇదంతా ఎందుకు అని మీకు అనిపించవచ్చు. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి వెళ్లిపోతారు. రోగి పక్కన రోజంతా ఉండేది నర్సే. మంచాన పడ్డ మనిషిని ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలి, పసిబిడ్డను ఎలా పడుకోబెట్టాలి లాంటివి రోజూ ఎదురయ్యే విషయాలు. ‘మా సీనియర్లు ఇలాగే చేసేవాళ్లు’ అన్నది వాటికి చాలినంత జవాబు కాదు. ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను మనం దీపం పట్టుకున్న బొమ్మలోనే చూస్తాం. ఆవిడ లెక్కలు పట్టుకున్న మనిషి కూడా. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా రోగాలతోనే ఎక్కువమంది చనిపోయారని 1858లో పటాలు గీసి మరీ చూపించారు.

ప్రశ్నకు నాలుగు కాళ్లు

నర్సింగ్ విద్యార్థులకు మొదట నేర్పేది కంప్యూటర్ ముట్టుకోకుండా చేయాల్సిన పని. ప్రశ్న రాసుకోవడం. దీనికి ‘పికో’ అనే పద్ధతి ఉంది. 1995 నుంచి వైద్య విద్యలో బాగా వాడుకలోకి వచ్చింది. నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, నాలుగు ప్రశ్నలు.

పి అంటే పేషెంట్: ఎవరి గురించి అడుగుతున్నాం?
ఐ అంటే ఇంటర్వెన్షన్: ఏం చేద్దామనుకుంటున్నాం?
సి అంటే కంపారిజన్: దేనితో పోల్చి చూస్తున్నాం?
ఓ అంటే అవుట్‌కమ్: ఏ ఫలితం రావాలనుకుంటున్నాం?

‘దగ్గుకు తేనె మంచిదా?’ అన్నది మనందరం అడిగే ప్రశ్న. దీన్ని పికోలో పెడితే ఇలా మారుతుంది: ‘ఏడాది దాటిన, జలుబుతో దగ్గుతున్న పిల్లలకు తేనె ఇస్తే, ఏ మందూ ఇవ్వనివాళ్లతో పోలిస్తే, రాత్రి దగ్గు తగ్గి నిద్ర పడుతుందా?’ రెండు ప్రశ్నలూ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిదానికి ఎవరైనా ఏదైనా చెప్పేయొచ్చు. రెండోదానికి జవాబు చెప్పాలంటే ఎవరో ఒకరు పరీక్షించి చూసి ఉండాలి.

ఎక్కడ వెతకాలి?

గూగుల్‌లో ముందు కనిపించే పేజీ బాగా నిజమైనది అయి ఉండాలని లేదు. కొన్నిసార్లు అది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన కూడా కావచ్చు. అందుకే విద్యార్థులకు వేరే చోట్లు చూపిస్తారు.

మొదటిది పబ్‌మెడ్. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం 1996లో మొదలుపెట్టింది. మూడున్నర కోట్లకు పైగా వైద్య పరిశోధనా వ్యాసాల వివరాలు అందులో ఉన్నాయి. వెతకడానికి, చాలా వ్యాసాల సారాంశాలు చదవడానికి రూపాయి కట్టక్కర్లేదు. రెండోది సినాల్. ఇది ప్రత్యేకంగా నర్సింగ్, దాని అనుబంధ రంగాల కోసం. చందా కట్టిన కాలేజీ లైబ్రరీల్లో దొరుకుతుంది. మూడోది కాక్రేన్ లైబ్రరీ. ఒక ప్రశ్న మీద ప్రపంచంలో జరిగిన మంచి పరిశోధనలన్నింటినీ వెతికి, కలిపి, తూచి చెప్పే సంస్థ కాక్రేన్. 1993లో మొదలైంది. ప్రతి సమీక్షకూ మామూలు మనుషులకు అర్థమయ్యే ఇంగ్లిష్‌లో ఒక చిన్న సారాంశం ఉంటుంది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మా తొమ్మిదో తరగతి పిల్లలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవగలిగేంత సులువుగా ఉంటుంది.

‘అండ్’ అంటే ఇక్కడ తగ్గడం

ఇంగ్లిష్ టీచర్‌గా నాకు బాగా నచ్చిన భాగం ఇది. మామూలు మాటల్లో ‘అండ్’ వస్తే సామాను పెరుగుతుంది. పాలు అండ్ పంచదార తెమ్మంటే సంచిలో రెండూ ఉంటాయి. పబ్‌మెడ్‌లో దీనికి వ్యతిరేకం. తేనె అండ్ దగ్గు అండ్ పిల్లలు అని ఇంగ్లిష్‌లో కొడితే ఆ మూడూ ఉన్న వ్యాసాలే వస్తాయి. అంటే జాబితా తగ్గుతుంది. ‘ఆర్’ పెడితే పెరుగుతుంది. చైల్డ్ ఆర్ పీడియాట్రిక్ అంటే ఏ పదం వాడినా పట్టుకొస్తుంది. లెక్కల్లో సమితులకు వేసే వెన్ చిత్రాలు గుర్తున్నాయా? ఛేదనం, సమ్మేళనం అన్నవి అచ్చంగా ఇవే. ‘నాట్’ను మాత్రం జాగ్రత్తగా వాడమంటారు. అక్కర్లేనివాటితో పాటు పనికొచ్చేవీ కొట్టుకుపోతాయి.

ఇంకో చిక్కు ఉంది. ఒకరు హార్ట్ ఎటాక్ అని రాస్తారు, ఇంకొకరు మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అని రాస్తారు. విషయం ఒకటే. అందుకని పబ్‌మెడ్‌లో ‘మెష్’ అనే పదాల పట్టిక ఉంది. ఒకే అర్థం ఉన్న పదాలన్నింటినీ ఒక శీర్షిక కింద పెడుతుంది. ‘సినానిమ్స్ ఎందుకు మేడమ్?’ అని అడిగే మా పిల్లలకు ఇప్పుడు నా దగ్గర మంచి జవాబు ఉంది.

దొరికినవన్నీ ఒకటే కాదు

వెతికితే వందల వ్యాసాలు వస్తాయి. వాటన్నింటికీ ఒకే విలువ ఉండదు. విద్యార్థులకు దీన్ని మెట్లుగా చెబుతారు. అన్నింటికన్నా కింద ఒకరి అభిప్రాయం, ఒకరిద్దరు రోగుల అనుభవం. ఆ పైన కొంతమందిని చాలాకాలం గమనించిన అధ్యయనాలు. ఆ పైన, రోగులను చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు చికిత్స ఇచ్చి, రెండో గుంపుతో పోల్చిన పరీక్షలు. అన్నిటికన్నా పైన, అలాంటి పరీక్షలన్నింటినీ కలిపి తూచిన సమీక్షలు.

రెండో గుంపు ఎందుకు? జలుబు దగ్గు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. ‘మావాడికి ఇచ్చాం, నాలుగు రోజుల్లో తగ్గింది’ అంటే అది మందు వల్ల తగ్గిందో, నాలుగు రోజులు గడిచినందువల్ల తగ్గిందో తెలియదు. మందు ఇవ్వని పిల్లలకు ఎన్నాళ్లు పట్టిందో తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

మా చెల్లికి తేనె మీద దొరికింది ఆ పై మెట్టులోదే, 2018 నాటి కాక్రేన్ సమీక్ష. 6 పరీక్షలు, 899 మంది పిల్లలు. ఏమీ ఇవ్వకపోవడం కన్నా తేనె ఇస్తే దగ్గు కొంత ఎక్కువ తగ్గవచ్చని అందులో తేలింది. చాలామంది పిల్లలను ఒక్క రాత్రే గమనించారని, అది ఒక లోటని కూడా వాళ్లే రాశారు. తమ లోపాలను తామే చెప్పుకోవడం మంచి పరిశోధనకు ఒక గుర్తు. మన వాట్సాప్ మెసేజ్‌లో ఎప్పుడైనా ‘ఇందులో ఈ లోటు ఉంది’ అని చూశారా?

ఆ వారమే మా పిన్ని కూతురు ఎనిమిది నెలల బాబుతో ఇంటికి వచ్చింది. బాబుకు దగ్గు. అమ్మమ్మ తులసి రసంలో తేనె కలిపి తెచ్చింది. చెల్లి వద్దంది. ఏడాదిలోపు పిల్లలకు తేనె పెట్టకూడదు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి పసిపిల్లల పేగుల్లో విషాన్ని తయారుచేసి కండరాలను చచ్చుబడేలా చేసే ప్రమాదం ఉంది. అది అరుదే, కానీ వస్తే ప్రాణం మీదకు వస్తుంది. “మిమ్మల్నందరినీ ఇలాగే పెంచానే” అంది అమ్మమ్మ. “పెద్దపిల్లల విషయంలో నువ్వు చెప్పింది నిజమే అమ్మమ్మా, పుస్తకంలో కూడా అలాగే ఉంది. వీడికి ఇంకో నాలుగు నెలలు ఆగుదాం” అంది చెల్లి. అమ్మమ్మ గిన్నె పక్కన పెట్టి, “ఏ పుస్తకంలో ఉందో నాకూ చదివి వినిపించు” అంది. పెద్దవాళ్లను చిన్నబుచ్చకుండా నిజం చెప్పడం కూడా నర్సు పనిలో భాగమేనని ఆ రోజు చూశాను.

ఆలస్యమైతే ఏమవుతుంది?

ఆధారాలు ఉండి కూడా వెతకకపోతే ఎంత నష్టమో చెప్పడానికి నర్సింగ్ విద్యార్థులకు ఒక ఉదాహరణ చెబుతారు. డాక్టర్ బెంజమిన్ స్పాక్ పిల్లల పెంపకం మీద రాసిన పుస్తకం 1946లో వచ్చింది. ప్రపంచమంతా చదివారు. 1950ల చివరి నుంచి వచ్చిన సంచికల్లో పసిపిల్లలను బోర్లా పడుకోబెట్టమని ఉంది. వెల్లకిలా పడుకుంటే కక్కినప్పుడు ఊపిరి ఆడదేమోనన్నది కారణం. వినడానికి సబబుగానే ఉంది. లక్షల మంది తల్లిదండ్రులు పాటించారు.

కానీ బోర్లా పడుకున్న పిల్లలే నిద్రలో అకస్మాత్తుగా ఎక్కువగా చనిపోతున్నారు. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి చూసి ఉంటే 1970 నాటికే ఈ సంగతి తెలిసేదని 2005లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. ‘వెల్లకిలా పడుకోబెట్టండి’ అనే ప్రచారం బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో గానీ మొదలుకాలేదు. ఈ ఆలస్యం లేకపోతే బ్రిటన్‌లో 10,000 మందికి పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాల్లో కనీసం 50,000 మంది పసిపిల్లలు బతికి ఉండేవారని ఆ సమీక్ష అంచనా. సలహా ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. అందరూ గౌరవించే డాక్టరే. అయినా ‘ఈ మాట ఎలా తేల్చారు?’ అని ఎవరో ఒకరు ముందే గట్టిగా అడిగి ఉండాల్సింది.

చదివాక అడిగే ప్రశ్నలు

పరిశోధన దొరికితే పని సగమే అయింది. ఎంతమంది మీద చేశారు? పోల్చడానికి రెండో గుంపు ఉందా? డబ్బు ఎవరిచ్చారు? ఆ తర్వాత ఎవరైనా తప్పని తేల్చారా? ఇందులోని రోగులు మన రోగిలాంటివాళ్లేనా? విద్యార్థులు ఇవన్నీ రాయాలి.

వీటి విలువ తెలియాలంటే ఒక సంగతి చూడండి. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందేమోనని 1998లో ప్రసిద్ధ ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. అందులో ఉన్నది 12 మంది పిల్లలు, పోల్చడానికి రెండో గుంపు లేదు. 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్ పరిశోధకులు 6,57,461 మంది పిల్లల వివరాలు పరిశీలించి, టీకా వల్ల ఆటిజం రాదని చెప్పారు. పబ్‌మెడ్‌లో ఆ పాత వ్యాసం తెరిస్తే, అది వెనక్కి తీసుకున్నదని స్పష్టంగా కనిపిస్తుంది. వాట్సాప్‌లో తిరిగే భయాలకు మాత్రం అలాంటి ముద్ర ఉండదు. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం బడుల్లో జరిగినప్పుడు వేయించాలా వద్దా అని మీలో కొందరు తర్జనభర్జన పడే ఉంటారు.

ఈ మధ్య విద్యార్థులకు ఇంకో హెచ్చరిక కూడా చేస్తున్నారు. ఏఐ చాట్‌బాట్‌ను ఆధారాలు అడిగితే ఒక్కోసారి లేని వ్యాసాలను ఉన్నట్టే చెబుతుంది. రచయిత పేరు, పత్రిక పేరు, సంవత్సరం అన్నీ పక్కాగా ఉంటాయి, వ్యాసం మాత్రం ఉండదు. అందుకని అది చెప్పిన ప్రతి వ్యాసం పేరునూ పబ్‌మెడ్‌లో కొట్టి, నిజంగా ఉందో లేదో చూడాలి. తెరిచి చదవని దాన్ని ఆధారంగా రాయకూడదన్నది వాళ్ల నియమం.

నా పాత మెసేజ్‌కు ఈ పరీక్ష పెడితే

ఇవన్నీ నేర్చుకున్నాక బొప్పాయి ఆకు మెసేజ్‌ను మళ్లీ తీశాం. నిజంగానే దాని మీద కొన్ని పరిశోధనలున్నాయి. ప్లేట్‌లెట్లు కొంత త్వరగా పెరిగాయని కొన్నింటిలో ఉంది. కానీ అవి చిన్నవి. ముఖ్యంగా పికోలోని చివరి అక్షరం, ‘ఓ’, దగ్గరే కథ తిరగబడింది. మనకు కావాల్సిన ఫలితం రిపోర్టులో అంకె పెరగడం కాదు, బిడ్డ ప్రమాదం నుంచి బయటపడటం. రసం వల్ల తీవ్రమైన డెంగీ తగ్గుతుందనో, ప్రాణాలు నిలుస్తాయనో ఆ పరిశోధనల్లో రుజువు కాలేదు. ‘ఆసుపత్రి అక్కర్లేదు’ అన్న మాట వాటిలో దేనిలోనూ మాకు కనిపించలేదు. అది మధ్యలో ఎవరో కలిపింది.

ఇంకో సంగతి అప్పుడు నాకు తెలియదు. డెంగీలో ప్రమాదకరమైన సమయం తరచుగా జ్వరం తగ్గేటప్పుడే మొదలవుతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, ముక్కు లేదా చిగుళ్ల నుంచి రక్తం, బాగా నీరసం లేదా చిరాకు కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. ఆ పాపకు ఉన్నవి ఇవే. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ ఇవ్వకూడదు, వాటివల్ల రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఈ పేరా ఒక్కటీ మీ ఫ్రిజ్ మీద అంటించుకున్నా నేను ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

ఇంట్లో మనం చేయగలిగింది

మనమందరం నర్సులం కాలేం, కానక్కర్లేదు. కానీ ఆరోగ్యం గురించి మెసేజ్ వచ్చినప్పుడు ఫార్వర్డ్ నొక్కే ముందు ఈ నాలుగు పనులు చేద్దాం.

1. మెసేజ్‌ను పికో ప్రశ్నగా మార్చండి. ఏ వయసువాళ్లకు, ఏం చేస్తే, దేనికన్నా, ఏ ఫలితం? ఏ ఒక్క కాలు లేకపోయినా మెసేజ్ అక్కడే ఆగిపోవాలి.

2. ‘పరిశోధనలో తేలింది’ అంటే ఏ పరిశోధన, ఏ సంవత్సరం, ఎంతమంది మీద అని పంపినవాళ్లనే మర్యాదగా అడగండి.

3. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలు ఉంటే వాళ్లనే వెతకమనండి. కాక్రేన్ సారాంశం ఒకటి కలిసి చదవండి. ఇంగ్లిష్ వాళ్లు చదువుతారు, దాని అర్థం మీ అనుభవంతో మీరు చెప్పండి.

4. దొరికినదాన్ని చీటీ మీద రాసుకుని డాక్టర్ దగ్గరకో, నర్సు దగ్గరకో తీసుకెళ్లి అడగండి. వెతకడం వైద్యానికి బదులు కాదు. మంచి ఆధారం, చికిత్స చేసేవాళ్ల అనుభవం, రోగి ఇష్టం, ఈ మూడూ కలిస్తేనే సరైన నిర్ణయం అని వాళ్లకు నేర్పుతారు.

ఈ నెల నుంచి మా క్లాసు ప్రాజెక్టుల్లో కూడా చిన్న మార్పు చేశాను. పిల్లలు చివర్లో వెబ్‌సైట్ పేరు రాస్తే సరిపోదు. ‘ఈ మాట ఎవరు, ఎలా తేల్చారు?’ అన్న ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు రాయాలి. ఇంట్లో మీ సాయం అడిగితే జవాబు చెప్పేయకండి, వెతకడంలో తోడుండండి. పదో తరగతి తర్వాత నర్సింగ్ వైపు వెళ్లాలనుకునే పిల్లలకు ఈ అలవాటు ముందే అబ్బితే ఎంతో మేలు.

ఇక మన పేరెంట్స్ గ్రూపు సంగతి. నేను పెట్టిన ఆ మెసేజ్‌ను తొలగించి, కింద క్షమాపణ రాశాను. ఇకమీదట ఆరోగ్యం గురించి నేనేదైనా పెడితే దాని ఆధారం కూడా కిందే పెడతాను. మర్చిపోతే మీరు అడగండి. ఆ పాప వాళ్ల అమ్మగారు ఇప్పటికే రెండుసార్లు అడిగారు.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్